విచారణ లేని మరణదండన: ప్రభుత్వాల లక్షిత హత్యలు, ద్వంద్వ ప్రమాణాలు

ఒక ప్రభుత్వం తనకు శత్రువని తేల్చుకున్న వ్యక్తిని పేరుతో సహా గుర్తించి, అతని రాకపోకలను కనిపెట్టి, అతడు తన నిర్బంధంలో లేని సమయంలో, ముందుగా వేసుకున్న పథకం ప్రకారం చంపడాన్ని అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో లక్షిత హత్య అంటారు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక పరిశీలకుడిగా ఫిలిప్ ఆల్‌స్టన్ 2010లో సమర్పించిన అధ్యయనం ఈ భావనలో నాలుగు అంశాలను ప్రధానంగా చూపింది: చంపాలన్న ఉద్దేశం, ముందస్తు యోచన, లక్ష్యం ఒక నిర్దిష్ట వ్యక్తి కావడం, ఆ వ్యక్తి చంపేవారి అదుపులో లేకపోవడం. ఈ చర్యకు యుద్ధంలో జరిగే సంహారంతోను, న్యాయస్థానం విధించే ఉరిశిక్షతోను పోలిక ఉన్నా, ఆ రెండింటిలో దేనిలోనూ ఇది పూర్తిగా ఇమడదు. యుద్ధంలో సైనికుణ్ణి అతడు తొడుక్కున్న దుస్తులను బట్టి చంపుతారే గాని అతడి పేరు, చరిత్ర ఎవరూ అడగరు. ఉరిశిక్ష విషయంలో పేరూ చరిత్రా ముఖ్యమే అయినా, దానికి ముందు అభియోగం, సాక్ష్యం, ప్రతివాదన, అప్పీలు అనే మెట్లు ఉంటాయి. లక్షిత హత్య యుద్ధం నుంచి చంపే అనుమతిని, న్యాయస్థానం నుంచి వ్యక్తిగత నేరభావనను అరువు తెచ్చుకొని, ఆ రెండు వ్యవస్థలకూ ఉన్న కట్టుబాట్లను మాత్రం వెంట తెచ్చుకోదు. దీని చుట్టూ అల్లుకున్న నైతిక వివాదమంతా ఈ అరువులోనే పుట్టింది.

ఈ వివాదంలో రెండు ప్రశ్నలు తరచు కలగాపులగం అవుతుంటాయి. ఇలా చంపడం ఎప్పుడైనా ధర్మమేనా అన్నది మొదటిది. ఒకే పనిని మిత్రుడు చేస్తే ఆత్మరక్షణ అని, శత్రువు చేస్తే ఉగ్రవాదమని పిలవడం న్యాయమేనా అన్నది రెండవది. రెండవ ప్రశ్నకు జవాబు దొరకనంతకాలం మొదటి ప్రశ్నకు ఏ ప్రభుత్వం చెప్పే జవాబుకైనా విలువ ఉండదన్న అవగాహనతో ఈ సమీక్ష ఆ రెంటినీ విడివిడిగా పరిశీలించి, చివర కలిపి చూస్తుంది.

ప్రాచీన చర్చ

రాజ్యం రహస్యంగా చంపవచ్చునా అన్న ప్రశ్న ఆధునికమైనది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోని ఐదవ అధికరణం, బహిరంగంగా శిక్షించడానికి వీలుకానంత బలవంతులైన రాజద్రోహుల విషయంలో ఉపాంశుదండాన్ని, అంటే చాటుగా అమలు చేసే శిక్షను విధిస్తుంది. కౌటిల్యుడు దీన్ని రాజనీతిగా చెప్పాడే గాని, బహిరంగ న్యాయంతో సమానమైన గౌరవం దానికి ఇవ్వలేదు. బహిరంగ మార్గం మూసుకుపోయినప్పుడే అది గుర్తుకు రావాలి. మహాభారతంలో సౌప్తిక పర్వం ఇదే ప్రశ్నను మరో వైపు నుంచి చూపుతుంది. నిద్రిస్తున్న శిబిరంపై అర్ధరాత్రి పడి ద్రౌపది కుమారులను, ధృష్టద్యుమ్నుణ్ణి చంపిన అశ్వత్థామకు తండ్రి మరణం రూపంలో బలమైన కారణమే ఉన్నా, కావ్యం అతణ్ణి వీరుడిగా కాక శాపగ్రస్తుడిగానే మిగిల్చింది.

పాశ్చాత్య చింతనలో నిరంకుశుణ్ణి చంపడం పుణ్యమన్న వాదన సిసిరో నుంచి వినిపిస్తూనే ఉంది. శత్రురాజును కిరాయి హంతకులతో చంపిస్తే అమాయక సైనికుల ప్రాణాలు దక్కుతాయన్న ఆలోచన 1516లో వెలువడిన థామస్ మోర్ ‘యుటోపియా’లో కనిపిస్తుంది. అందుకు భిన్నంగా 1795 నాటి శాశ్వత శాంతి గ్రంథంలో ఇమాన్యుయెల్ కాంట్, హంతకులను, విషప్రయోగాన్ని వాడుకునే రాజ్యాల మధ్య రేపటి శాంతికి అవసరమైన నమ్మకం మిగలదు కనుక అవి యుద్ధంలో సైతం నిషిద్ధమన్నాడు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో 1863లో రూపొందిన లీబర్ నియమావళి శత్రువును చట్టం వెలుపలివాడిగా ప్రకటించి చంపించడాన్ని అనాగరికమని తోసిపుచ్చగా, 1907 నాటి హేగ్ నిబంధనలు శత్రుపక్షం వారిని ద్రోహబుద్ధితో, అంటే నమ్మించి, చంపడాన్ని నిషేధించాయి. ఈ రెండు ధోరణులూ నేటికీ అలాగే ఉన్నాయి: ఒకటి ప్రాణాల లెక్క చూస్తుంది, రెండవది ఆ లెక్క వేసే అధికారం ఎవరికి చిక్కుతుందో చూస్తుంది.

నిరాకరణ నుంచి అంగీకారానికి

ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాల వరకు ప్రభుత్వాలు ఇటువంటి హత్యలు చేసినా తాము చేయలేదనే చెప్పుకునేవి. అమెరికా సెనేట్‌లో ఫ్రాంక్ చర్చ్ నాయకత్వం వహించిన సంఘం 1975లో వెలువరించిన నివేదిక, క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను చంపడానికి గూఢచార సంస్థ సి.ఐ.ఏ. కనీసం ఎనిమిది పన్నాగాలు పన్నిందని బయటపెట్టింది. దాని ఫలితంగా 1976 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ రాజకీయ హత్యలను నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేశాడు. రొనాల్డ్ రీగన్ 1981లో సంతకం చేసిన 12333వ ఉత్తర్వు ‘రాజకీయ’ అన్న విశేషణం లేకుండా, హత్య అన్నదాన్నే నిషేధించింది. ఫోర్డ్ ఉత్తర్వు వచ్చిన ఏడాదే సెప్టెంబరులో చిలీ సైనిక ప్రభుత్వపు గూఢచారులు తమ మాజీ మంత్రి ఓర్లాండో లెటెలియర్‌ను వాషింగ్టన్ నడిబొడ్డున కారుబాంబుతో చంపినప్పుడు, ఆ దాడిని అమెరికా తన నేలపై జరిగిన ఉగ్రవాదంగానే పరిగణించింది.

ఇజ్రాయెల్ కథ ఇంకో దారిన నడిచింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో తన బృందానికి చెందిన 11 మంది హతులైన తర్వాత ఆ దేశం బాధ్యులను ఒక్కొక్కరినీ వెంటాడింది. ఆ వేటలోనే 1973 జులైలో నార్వేలోని లిల్లెహామర్ పట్టణంలో, వెతుకుతున్న వ్యక్తి అనుకొని హోటల్లో పనిచేసే ఒక మొరాకో దేశస్థుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్లెదుటే కాల్చి చంపారు. నార్వే న్యాయస్థానం ఐదుగురిని శిక్షించింది. ఇజ్రాయెల్ 1996లో బాధ్యతను ఒప్పుకోకుండానే కుటుంబానికి పరిహారం చెల్లించింది. 1997లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో హమాస్ నాయకుడు ఖాలెద్ మషాల్‌పై విషం ప్రయోగించిన గూఢచారులు పట్టుబడినప్పుడు, రాజు హుస్సేన్ పట్టుబట్టడంతో విరుగుడు మందును ఇజ్రాయెల్ స్వయంగా పంపవలసి వచ్చింది. ఇవన్నీ చాటుగా చేసి, బయటపడ్డాక తలదించుకున్న ఘటనలు. 2000 నవంబరులో రెండవ పాలస్తీనా తిరుగుబాటు మొదలైన కొద్ది వారాలకు ఇజ్రాయెల్ లక్షిత హత్యలు తమ విధానమని బహిరంగంగా ఒప్పుకోవడంతో పరిస్థితి మారింది. దాచిపెట్టడం మాని సమర్థించుకోవడం మొదలైన నాటి నుంచి ఈ చర్య నైతిక సిద్ధాంతం స్థాయికి ఎదిగింది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా కాంగ్రెస్ ఇచ్చిన బలప్రయోగ అధికారం, పైలట్ లేకుండా దూరం నుంచి నడిపే డ్రోన్ల సాంకేతికత కలిసి ఈ పద్ధతిని విస్తరింపజేశాయి. యుద్ధం జరగని ప్రాంతంలో అమెరికా తొలి డ్రోన్ దాడి 2002 నవంబరులో యెమెన్‌లో జరిగింది. కారులో ప్రయాణిస్తున్న ఆరుగురూ మరణించారు, వారిలో ఒకరు అమెరికా పౌరుడే. అప్పటి ఐక్యరాజ్యసమితి పరిశీలకురాలు, పాకిస్తాన్ న్యాయవాది ఆస్మా జహంగీర్ దీన్ని చట్టబాహ్య హత్యగా నిర్ధారించారు.

చట్టం గీసిన గీతలు

లక్షిత హత్యను అంతర్జాతీయ న్యాయం మూడు కోణాల నుంచి చూస్తుంది. మొదటిది మానవ హక్కుల న్యాయం. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక ఆరవ అధికరణం ప్రకారం ఎవరి ప్రాణాన్నీ నిరంకుశంగా హరించరాదు; శాంతికాలంలో మరొక ప్రాణాన్ని కాపాడడానికి వేరే మార్గమే లేనప్పుడు తప్ప ప్రాణాంతక బలం వాడరాదు. 1988లో జిబ్రాల్టర్‌లో కారుబాంబు పేల్చబోతున్నారన్న అనుమానంతో ముగ్గురు ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ సభ్యులను బ్రిటిష్ సైనికులు కాల్చి చంపిన వ్యాజ్యంలో, యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1995లో ఒక్క ఓటు తేడాతో, పదికి తొమ్మిదిగా, జీవించే హక్కుకు భంగం కలిగిందని తీర్పునిచ్చింది. కాల్చిన సైనికుల నమ్మకం నిజాయితీతో కూడినదేనని అంగీకరిస్తూనే, అరెస్టుకు అవకాశం మిగలకుండా ఆ చర్యను నడిపిన పై అధికారుల ప్రణాళికలో కోర్టు దోషం చూసింది.

రెండవది సాయుధ సంఘర్షణల న్యాయం. ఇందులో సైనికులను చంపడం నేరం కాదు. పౌరులు పోరాటంలో ప్రత్యక్షంగా పాల్గొంటున్నంతసేపు మాత్రమే రక్షణ కోల్పోతారని 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం చెబుతుంది. ‘పాల్గొంటున్నంతసేపు’ అన్న మాటకు అర్థమేమిటన్నదే పేచీ. పగలు పొలం దున్నుకొని రాత్రి తుపాకీ పట్టే మనిషి పగటిపూట పౌరుడేనా అన్న ప్రశ్నకు, ఒక సాయుధ బృందంలో నిరంతర పోరాట బాధ్యత ఉన్నవారు ఆ రక్షణను ఎల్లవేళలా కోల్పోతారని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2009లో సమాధానమిచ్చింది. మూడవది రాజ్యాల మధ్య బలప్రయోగాన్ని నియంత్రించే న్యాయం. ఐక్యరాజ్యసమితి నియమపత్రంలోని 51వ అధికరణం సాయుధ దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణకు అనుమతిస్తుంది. దాడి ఆసన్నమైనప్పుడు ముందే ఆత్మరక్షణ చేసుకోవచ్చన్నవారు, ఆలోచించే వ్యవధి కూడా లేనంత దగ్గరి ప్రమాదమే ఆసన్నమని 19వ శతాబ్దిలో స్థిరపడిన కొలతను ఒప్పుకునేవారు. 2013లో వెలుగులోకి వచ్చిన అమెరికా న్యాయశాఖ పత్రం మాత్రం, దాడి ఎప్పుడు ఎక్కడ జరుగుతుందో స్పష్టమైన సాక్ష్యం లేకున్నా ప్రమాదాన్ని ఆసన్నమని పిలవవచ్చన్నది. మాట పాతదే నిలిచింది, కొలత మాత్రం సాగిపోయింది.

ఈ మూడింటినీ ఒక తాటిపైకి తెచ్చే ప్రయత్నం చేసినది ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు. ప్రధాన న్యాయమూర్తిగా అప్పటికే పదవీ విరమణ చేసిన అహరాన్ బరాక్ రాయగా 2006 డిసెంబరులో వెలువడిన తీర్పు లక్షిత హత్యలను పూర్తిగా నిషేధించనూ లేదు, పూర్తిగా అనుమతించనూ లేదు. లక్ష్యమైన వ్యక్తి గురించి గట్టి సమాచారం ఉండాలి. అరెస్టు వంటి తక్కువ హానికర మార్గం సాధ్యమైతే దాన్నే అనుసరించాలి. చుట్టుపక్కల పౌరులకు కలిగే హాని సైనిక ప్రయోజనాన్ని మించరాదు, దీనినే దామాషా సూత్రం అంటారు. దాడి తర్వాత స్వతంత్ర విచారణ జరగాలి. ఒక ప్రభుత్వపు హత్యాధికారాన్ని ఆ దేశపు కోర్టే ఇంత వివరంగా పరిశీలించిన సందర్భం అరుదు. అయితే షరతుల అమలు వేరే కథ. 2002 జులైలో హమాస్ నాయకుడు సలాహ్ షెహాదేను చంపడానికి గాజాలోని ఇరుకు నివాస ప్రాంతంపై టన్ను బరువున్న బాంబు వేసినప్పుడు పన్నెండు మందికి పైగా సాధారణ పౌరులు మరణించారు. వారిలో చాలామంది పిల్లలు. ఆ ఘటనపై వేసిన సంఘం 2011లో ఫలితం దామాషా మించిందని అంగీకరించి, నేరం మాత్రం ఎవరిదీ కాదని తేల్చింది.

సమర్థకుల వాదన, దాని హద్దులు

లక్షిత హత్యలను సమర్థించేవారి వాదనలో నిజమైన బలం ఉంది. సాధారణ యుద్ధంలో చనిపోయేది ఎక్కువగా ఏ పాపం ఎరుగని పేద సైనికులు. లక్షిత హత్యలో చనిపోయేది దాడులకు పథకం వేసిన వ్యక్తి. యుద్ధంలో సైతం ఒక మనిషిని చంపడం న్యాయమా కాదా అన్నది అతడు కలిగిస్తున్న అన్యాయపు ప్రమాదానికి అతడి బాధ్యత ఎంత అన్నదాన్ని బట్టి నిర్ణయించాలని తత్త్వవేత్త జెఫ్ మెక్‌మహాన్ 2009లో వాదించాడు. ఈ తర్కాన్ని అనుసరిస్తే, ఊళ్ల మీద బాంబులు కురిపించడం కంటే ఒక్క బాధ్యుణ్ణి ఎంచి చంపడమే నీతికి దగ్గర. పోలీసులు, కోర్టులు పనిచేయని ప్రాంతంలో దాగినవారిని అరెస్టు చేయడం సాధ్యం కాదన్నది సమర్థకుల రెండవ మాట.

అయితే ఈ వాదన బాధ్యుడెవరో నిస్సందేహంగా తెలుసన్న ఊహపై నిలబడి ఉంది. లిల్లెహామర్‌లో ఆ ఊహ తప్పింది. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ ఒక సహాయ సంస్థ ఉద్యోగి కారును ఉగ్రవాదుల వాహనంగా భావించి, ఏడుగురు పిల్లలతో సహా పదిమంది పౌరులను చంపింది. తప్పు జరిగిందని ఒప్పుకున్న సైన్యం, ఎవరిపైనా క్రమశిక్షణ చర్య తీసుకోలేదు. పేరు కూడా తెలియని మనుషులను కేవలం వారి కదలికల తీరును బట్టి శత్రువులుగా లెక్కించే ‘సిగ్నేచర్’ దాడులలోనైతే, బాధ్యుణ్ణే చంపుతున్నామన్న సమర్థనకు ఆధారమే ఉండదు.

ఫలితాల లెక్క కూడా ఏకపక్షంగా లేదు. 1992 ఫిబ్రవరిలో హిజ్‌బుల్లా నాయకుడు అబ్బాస్ ముసావీని ఇజ్రాయెల్ చంపిన నెల రోజులకు బ్యూనస్ ఐరిస్‌లోని ఇజ్రాయెల్ దౌత్య కార్యాలయంపై బాంబు దాడి జరిగింది. అతడి స్థానంలోకి వచ్చిన హసన్ నస్రల్లా 2024 సెప్టెంబరులో అదే విధంగా హతుడయ్యేవరకు 32 ఏళ్ల పాటు ఆ సంస్థను మరింత బలంగా నడిపాడు. నాయకుణ్ణి తొలగించిన 298 సందర్భాలను పరిశీలించిన జెన్నా జోర్డాన్ అధ్యయనం, పాతవి, పెద్దవి, మతప్రాతిపదిక కలిగినవి అయిన సంస్థలు నాయకుని మరణంతో కూలిపోవడం అరుదని 2009లో తేల్చగా, బ్రయన్ ప్రైస్ 2012లో భిన్నమైన నిర్ధారణకు వచ్చాడు. పండితుల మధ్యనే ఏకాభిప్రాయం లేని ఫలితాన్ని ఆధారం చేసుకొని ప్రాణం తీయడం నైతికంగా బలహీనమైన పునాది.

ద్వంద్వ ప్రమాణాల రూపాలు

ఒకే చర్యకు చేసినవారిని బట్టి వేర్వేరు కొలతలు వాడడం ద్వంద్వ ప్రమాణం. ఈ విషయంలో అది కనీసం మూడు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది కర్తను బట్టి తీర్పు మారడం. 2001 జులైలో ఇజ్రాయెల్‌లోని అమెరికా రాయబారి మార్టిన్ ఇండిక్, లక్షిత హత్యలు చట్టబాహ్యమైనవని, తమ ప్రభుత్వం వాటికి వ్యతిరేకమని ఇజ్రాయెల్ టెలివిజన్‌లోనే ప్రకటించాడు. పదహారు నెలలు తిరగకుండానే యెమెన్ దాడి జరిగింది. 2004 మార్చిలో చక్రాల కుర్చీలో ఉన్న షేక్ అహ్మద్ యాసిన్‌ను ఇజ్రాయెల్ చంపినప్పుడు, హమాస్ దాడులను ఖండించలేదన్న కారణంతో భద్రతా మండలి తీర్మానాన్ని అమెరికా వీటో చేసింది. అదే హత్యను నాడు తప్పుపట్టిన బ్రిటన్, 2015 ఆగస్టులో సిరియాలో తన పౌరుణ్ణే డ్రోన్‌తో చంపి, ఆత్మరక్షణ అని పార్లమెంటుకు చెప్పుకుంది. 2010 జనవరిలో దుబాయి హోటల్లో హమాస్ నాయకుడు మహమూద్ మబూహ్ హత్యకు గురైనప్పుడు బ్రిటన్ ఒక ఇజ్రాయెల్ దౌత్యవేత్తను వెళ్లగొట్టింది గాని, అందుకు చూపిన కారణం హంతకులు నకిలీ బ్రిటిష్ పాస్‌పోర్టులు వాడారన్నదే.

రష్యా ఈ అద్దంలో మరో ముఖం. చెచెన్ నాయకుడు జెలింఖాన్ యాందర్బియెవ్‌ను 2004 ఫిబ్రవరిలో కతార్‌లో చంపిన ఇద్దరు రష్యా గూఢచారులకు అక్కడి కోర్టు యావజ్జీవ శిక్ష వేసినా, వారిని నెలల వ్యవధిలో స్వదేశానికి అప్పగించారు. 2006లో రష్యా పార్లమెంటు విదేశాల్లో ఉగ్రవాదులపై ప్రత్యేక బలగాలను వాడే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో లండన్‌లో రష్యా మాజీ గూఢచారి అలెగ్జాండర్ లిత్వినెంకో పొలోనియం విషంతో మరణించాడు. 2019లో బెర్లిన్ ఉద్యానవనంలో ఒక మాజీ చెచెన్ యోధుణ్ణి కాల్చి చంపిన వదీమ్ క్రాసికోవ్‌కు జర్మన్ కోర్టు యావజ్జీవం విధిస్తూ, ఆ హత్యను రష్యా ప్రభుత్వమే ఆదేశించిందని తేల్చింది; 2024 ఆగస్టులో ఖైదీల మార్పిడిలో అతడు మాస్కో చేరినప్పుడు అధ్యక్షుడు పుతిన్ విమానాశ్రయానికి వెళ్లి స్వాగతం పలికాడు. ఈ హత్యలను పాశ్చాత్య దేశాలు ఖండించడం సరైనదే. అయితే ఉగ్రవాది అన్న ముద్ర వేసి పరాయి గడ్డపై చంపవచ్చన్న వాదనను లోకంలో చలామణిలోకి తెచ్చినవారిలో ఆ దేశాలు కూడా ఉన్నాయి.

రెండవ రూపం మృతుల విలువలో తేడా. 2015 జనవరిలో పాకిస్తాన్ సరిహద్దులో జరిగిన అమెరికా దాడిలో బందీలుగా ఉన్న ఒక అమెరికన్, ఒక ఇటాలియన్ మరణించినప్పుడు అధ్యక్షుడు ఒబామా టెలివిజన్ ముందుకు వచ్చి క్షమాపణ చెప్పాడు. 2011 మార్చిలో పాకిస్తాన్‌లోని దత్తా ఖేల్‌లో గిరిజన పెద్దల సభపై పడిన దాడిలో సుమారు 40 మంది మరణించినా అటువంటి క్షమాపణ రాలేదు. 2009 నుంచి 2015 వరకు యుద్ధక్షేత్రాల వెలుపల 473 దాడుల్లో 64 నుంచి 116 మంది పౌరులు మాత్రమే చనిపోయారని అమెరికా 2016లో ప్రకటించింది. ఇంతకంటే దీర్ఘమైన కాలానికి, ఒక్క పాకిస్తాన్‌కే, లండన్‌లోని పరిశోధనాత్మక పాత్రికేయ సంస్థ వేసిన లెక్క 424 నుంచి 969. కాలవ్యవధిలో తేడాను లెక్కలోకి తీసుకున్నా, ఈ రెండు లెక్కల మధ్య దూరం పౌరుడెవరు అన్న నిర్వచనంలోని దూరమే.

మూడవ రూపం పౌరసత్వం. అమెరికాలో పుట్టిన మతబోధకుడు అన్వర్ అవ్లాకీని 2011 సెప్టెంబరులో యెమెన్‌లో చంపడానికి ముందు, అతడి తండ్రి కోర్టుకెక్కాడు. న్యాయమూర్తి ఆ ప్రశ్నను కోర్టు తేల్చదగినది కాదంటూ వ్యాజ్యాన్ని కొట్టివేశాడు. ప్రభుత్వ న్యాయవాదులు పుటలకొద్దీ సమర్థన రాసింది అతడు పౌరుడు కావడం వల్లనే. రెండు వారాల తర్వాత మరో దాడిలో మరణించిన అతడి పదహారేళ్ల కొడుకూ అమెరికా పౌరుడే గాని, ఆ బాలుడు లక్ష్యం కాదనే సమాధానంతో సరిపెట్టారు. పౌరుడి ప్రాణానికి చట్టపు పత్రం కావాలని, విదేశీయుడి ప్రాణానికి అక్కర్లేదని చెప్పే నీతి, జీవించే హక్కు మానవులందరిదన్న సూత్రాన్ని మొదటి మెట్టులోనే వదులుకుంటుంది.

భారతదేశం, తెలుగు నేల

భారతదేశం ఈ చర్చలో చాలాకాలం ప్రేక్షకస్థానంలో ఉంది. 2023 జూన్‌లో కెనడాలోని సర్రేలో ఖలిస్తాన్ వాది హర్‌దీప్ సింగ్ నిజ్జర్ హత్య జరిగాక ఆ స్థితి మారింది. ఆ హత్యతో భారత ప్రభుత్వ ప్రతినిధులకు సంబంధముందన్న కెనడా ప్రధాని ఆరోపణను భారతదేశం అసంబద్ధమని తిరస్కరించింది. 2024 అక్టోబరులో రెండు దేశాలూ చెరి ఆరుగురు దౌత్యవేత్తలను వెళ్లగొట్టుకున్నాయి. అదే కాలంలో న్యూయార్క్‌లో మరొక ఖలిస్తాన్ వాదిపై హత్యాయత్నం జరిగిందని అమెరికా అభియోగం మోపినప్పుడు మాత్రం భారతదేశం ఉన్నతస్థాయి విచారణ సంఘాన్ని వేసింది. ఆ సంఘం 2025 జనవరిలో ఒక వ్యక్తిపై చట్టపరమైన చర్యను సిఫారసు చేసింది. పరదేశాల్లో లక్షిత హత్యలు తమ విధానం కాదని విదేశాంగ శాఖ చెబుతుండగా, పాకిస్తాన్‌కు పారిపోయే ఉగ్రవాదులను అక్కడికే వెళ్లి చంపుతామని 2024 ఏప్రిల్‌లో రక్షణమంత్రి అన్నారు. 1985లో 329 మంది ప్రాణాలు తీసిన కనిష్క విమాన పేలుడు కేసులో కెనడా దర్యాప్తు ఘోరంగా విఫలమైందన్న భారతీయుల ఆవేదన న్యాయమైనదే. కాని ఆ వైఫల్యం ఎవరినైనా విచారణ లేకుండా చంపడానికి అనుమతిపత్రం కాజాలదు.

తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న ఇంతకంటే దగ్గరిది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును పట్టుకున్నాక కోర్టుకు తీసుకువెళ్లకుండానే కాల్చి చంపిన వలస ప్రభుత్వం, అతడు తప్పించుకోబోయాడని చెప్పింది. తెలుగులో ‘ఎన్‌కౌంటర్’ అనే మాటకు ఎదురుపడడం అన్న అర్థం పోయి, పోలీసుల చేతిలో చావు అన్న అర్థం స్థిరపడడానికి వెనుక, నక్సల్బరీ కాలం నుంచి సాగిన చరిత్ర ఉంది. ఎన్‌కౌంటర్‌ను లక్షిత హత్యతో పూర్తిగా సమానం చేయడం కుదరదు, ఎందుకంటే ఎదురుకాల్పుల కథనం ముందస్తు ఉద్దేశాన్నే నిరాకరిస్తుంది. కాని ఆ కథనం బూటకమని తేలిన చోట రెండూ ఒకటే. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుపై జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో, ఆత్మరక్షణ కోసం కాల్చామన్న పోలీసుల మాటను దర్యాప్తు లేకుండా ఒప్పుకోరాదని చెప్పింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రతి ఎన్‌కౌంటర్ మరణంపైనా కేసు నమోదు చేయాలని ఆదేశించగా, సుప్రీంకోర్టు దాన్ని నిలుపుదల చేసి, 2014లో వేరొక వ్యాజ్యంలో స్వతంత్ర దర్యాప్తును తప్పనిసరి చేస్తూ 16 మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపంలో ‘దిశ’ అత్యాచార, హత్య కేసు నిందితులు నలుగురిని చంపిన పోలీసులపై జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్‌కర్ కమిషన్ ఆ కాల్పులు ఉద్దేశపూర్వకమైనవని, పదిమంది పోలీసులను విచారించాలని నివేదించింది.

ఇదే నేల ద్వంద్వ ప్రమాణాలపై నిశితమైన ఆత్మవిమర్శను కూడా చూసింది. 1999 డిసెంబరులో పీపుల్స్‌వార్ కేంద్ర నాయకులు ముగ్గురు కొయ్యూరు అడవిలో ఎదురుకాల్పుల్లో మరణించారని పోలీసులు ప్రకటించగా, వారిని బెంగళూరులో పట్టుకొని చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. మూడు నెలలకు ఆ పార్టీ మందుపాతర పేల్చి మంత్రి మాధవరెడ్డిని చంపింది. మావోయిస్టులు ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో గ్రామస్తులను చంపడం, 2018లో అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను చంపడం కూడా అభియోగం, తీర్పు, అమలు ఒకే చేతిలో ఉన్న హత్యలే. రాజ్యం చేసే హత్యలను దశాబ్దాల పాటు వెలికితీసిన కె. బాలగోపాల్, సాయుధ విప్లవకారుల హింసను కూడా హక్కుల ఉద్యమం అదే కొలతతో ప్రశ్నించాలని వాదించి, 1998లో పౌరహక్కుల సంఘాన్ని వీడి మానవ హక్కుల వేదిక ఏర్పాటులో భాగస్వామి అయ్యాడు. ఈ వైఖరికి రెండు వైపుల నుంచీ నిష్ఠూరాలు తప్పలేదు.

‘మీరు చేయలేదా?’

ద్వంద్వ ప్రమాణాల ఆరోపణను సైతం దుర్వినియోగం చేయవచ్చు. కర్ణ పర్వంలో రథచక్రం నేలలో కూరుకుపోయిన వేళ కర్ణుడు యుద్ధధర్మాన్ని గుర్తుచేస్తే, ద్రౌపదిని సభకు ఈడ్చిన నాడు, అభిమన్యుణ్ణి చుట్టుముట్టిన నాడు ఆ ధర్మం ఏమైందని కృష్ణుడు ఎదురు ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్న కర్ణుని నోరు మూయిస్తుంది గాని, నిరాయుధుణ్ణి చంపడం ధర్మమా అన్న సందేహానికి సమాధానం కాదు. అందుకే ఆ ఘట్టం శతాబ్దాలుగా తెలుగువారి చర్చల్లో తెగని వాదంగా మిగిలింది. అమెరికా చేసింది కనుక రష్యా చేయవచ్చుననడం, పోలీసులు చంపారు కనుక విప్లవకారులు చంపవచ్చుననడం ఈ కోవలోవే. ఎదుటివాడి తప్పు అతడి విమర్శ బరువును తగ్గిస్తుందే గాని విమర్శకు గురైన పనిని ఒప్పు చేయదు.

సరైన పరీక్ష మరొకటి. న్యాయతత్త్వవేత్త జెరెమీ వాల్డ్రన్ 2012లో సూచించినట్టు, ఒక ప్రభుత్వం చంపడానికి ఏ సూత్రాన్ని వాడుకుంటుందో, ఆ సూత్రం తనకు నచ్చని ప్రభుత్వాల చేతిలో ఎలా పనిచేస్తుందో ముందుగా ఊహించాలి. 2020 జనవరిలో బాగ్దాద్ విమానాశ్రయం వద్ద ఇరాన్ సేనాని ఖాసిం సులేమానీని అమెరికా చంపినప్పుడు, ఐక్యరాజ్యసమితి పరిశీలకురాలు ఆన్యెస్ కాలమార్ ఆసన్న ప్రమాదానికి సాక్ష్యం లేదంటూ దాన్ని చట్టవిరుద్ధమన్నారు. ఒక దేశపు ఉన్నతాధికారిని మూడో దేశంలో చంపడాన్ని ఆత్మరక్షణగా అంగీకరిస్తే, అదే హక్కు అన్ని దేశాల సేనానుల విషయంలోనూ పుడుతుంది. అంతర్జాతీయ న్యాయంలో ఆచార న్యాయం అనే భాగం, అంటే రాజ్యాలు కట్టుబాటుగా భావించి పాటించే ఆచరణ నుంచి రూపొందే న్యాయం, ఇటువంటి మినహాయింపులతో మారుతుంది. కనుక ద్వంద్వ ప్రమాణం ఒక ప్రభుత్వపు స్వభావదోషంగా ఆగిపోదు. నేడు తాను తీసుకున్న మినహాయింపును రేపు అందరికీ హక్కుగా మారుస్తుంది.

ఈ సమీక్ష నుంచి తేలే నిర్ధారణ పరిమితమైనది. వాస్తవంగా సాయుధ సంఘర్షణ నడుస్తున్న చోట, పోరాటంలో పాల్గొంటున్న వ్యక్తిని, పట్టుకోవడం నిజంగా సాధ్యం కానప్పుడు, పౌరుల ప్రాణాలకు తగిన జాగ్రత్త తీసుకొని చంపడాన్ని నీతి పూర్తిగా నిషేధించలేదు. ఆ హద్దు దాటిన ప్రతి హత్యా, ఏ జెండా కింద జరిగినా, విచారణ లేని మరణదండనే. ఆ హద్దులో ఉన్నామని చెప్పుకునే ప్రభుత్వానికి ఉండవలసిన కనీస గుర్తు, తాను చంపిన ప్రతి మనిషి గురించి తనకు లోబడని ఒక సంస్థకు సమాధానం చెప్పడం. 2006లో బరాక్ పెట్టిన షరతు, 2014లో భారత సుప్రీంకోర్టు పెట్టిన షరతు ఇదే. ప్రభుత్వాలు అన్నిటికంటే ఎక్కువగా తప్పించుకునే షరతు కూడా ఇదే: డ్రోన్ దాడుల్లో మరణించిన పౌరుల లెక్కను ఏటా ప్రకటించాలన్న ఒబామా నిబంధనలో గూఢచార సంస్థలకు సంబంధించిన భాగాన్ని 2019 మార్చిలో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసింది. హత్యను నిషేధించిన 1981 నాటి ఉత్తర్వు మాత్రం నేటికీ అమెరికా చట్టపుస్తకాల్లో రద్దు కాకుండానే ఉంది.